ట్రాలీ లాగితే నడుం కలుక్కుమంది, ఏం చేయాలి?

పోయిన నెల బిల్లింగ్ కౌంటర్లో రోజంతా నిలబడేవాళ్ల కాళ్ల నొప్పుల గురించి రాశాం కదా. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం స్టాకు సెక్షన్ వాళ్లవే, ‘వాళ్లు నిలబడతారు సరే, మేం లాగుతున్నాం, మా సంగతేంది’ అని. అడిగినదాంట్లో న్యాయం ఉంది. అందుకే ఈసారి మొత్తం ట్రాలీలు తోసేవాళ్లకి, పాలెట్ ట్రక్కులు (చెక్క పాలెట్ కింద ఫోర్కులు దూర్చి సరుకు లాగే చేతి బండ్లు) లాగేవాళ్లకి ఇచ్చేశాం. కావలి, ఒంగోలు, నెల్లూరు, కందుకూరు, సింగరాయకొండ నుంచి వచ్చినవి తీసుకున్నా. మనుషుల పేర్లూ షాపుల పేర్లూ వేయలేదు, రాసినవాళ్లు రేపు డ్యూటీకి వెళ్లాలి.

అన్నా, కావలిలో ఒక సూపర్ మార్కెట్‌లో స్టాక్ బాయ్‌గా చేస్తున్నా, వయసు 24. గోడౌన్ వెనకాల పల్లంలో ఉంటుంది, అక్కడినుంచి షాపులోకి ర్యాంపు ఎక్కాలి. బియ్యం బస్తాలు పాలెట్ ట్రక్ మీద ఇరవై వేసి ఒక్కడినే లాగుతా. పోయిన వారం ర్యాంపు మధ్యలో నడుం కలుక్కుమంది. రెండు రోజులు వంగలేకపోయా, ఇప్పుడు కొంచెం నయం. మా సూపర్‌వైజర్ ‘నీ వయసులో బస్తా భుజానేసుకొని మేడెక్కినాం, చక్రాల బండి లాగడానికి ఏందిరా నీకు’ అంటున్నాడు. నడుం బెల్టు కొనుక్కుంటే సరిపోతుందా? లాగడానికి పద్ధతేమన్నా ఉందా?
(కావలి)

తమ్ముడూ, ముందు మీ సూపర్‌వైజర్‌తో ఒక లెక్క చేయిద్దాం. ఇప్పుడొచ్చే బియ్యం బస్తా చాలావరకు 26 కిలోలు. 2022 జూలైలో 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేస్తే, మిల్లర్లు ఇంకో కిలో కలిపి పన్ను తప్పించుకున్నారు. ఆ కిలో నీ వంతుకొచ్చింది. ఇరవై బస్తాలంటే 520 కిలోలు, పాలెట్ ట్రక్ సొంత బరువు ఒక డెబ్బై ఎనభై, కింద చెక్క పాలెట్ ఇంకో ఇరవై. ఎటు చూసినా ఆరొందల కిలోలకు పైమాట.

చక్రాల మీద పెట్టినంత మాత్రాన ఆ బరువు మాయమైపోదు, కాకపోతే నున్నటి సమతలం మీద, చక్రాలు బాగుంటే, లోడులో కనీసం రెండు శాతం బలంతో కదులుతుంది. బ్రిటన్‌లో పనిచోటు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ చెప్పే మోటు లెక్క ఇది. అంటే నీకు 12 కిలోల బలం చాలు, చిన్నపిల్లాడు కూడా తోసేస్తాడు అనిపిస్తుంది. అదే నేల గతుకులుగా ఉంటే పది శాతం దాకా పోతుంది, అంటే 60 కిలోలు. ఇక ర్యాంపు సంగతి. పన్నెండు అడుగులకి ఒక అడుగు లేచే ర్యాంపు (చూడ్డానికి పెద్ద ఏటవాలుగా కూడా అనిపించదు) మీద ఆరొందల కిలోల బండిని నిలబెట్టడానికే 50 కిలోల బలం కావాలి, పైకి లాగాలంటే ఆ 12 కలుపుకో. అదే సంస్థ ఒక మగమనిషి బండిని కదిలించడానికో ఆపడానికో పెట్టదగిన బలం 20 కిలోల దగ్గర, నడుపుతూ పోవడానికి 10 దగ్గర ఉంటే మంచిదంటుంది. ఆడవాళ్లకి 15, 7. నువ్వు దానికి మూడింతలు పెడుతున్నావు, అదీ ఒక్కడివి. మీ సూపర్‌వైజర్ భుజాన మోసింది నిజమే అనుకుందాం, కానీ మోసింది ఒక్క బస్తానే కదా! పైగా ఆ కాలంలో మోసినవాళ్ల నడుములు ఇప్పుడు ఎట్లా ఉన్నాయో నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కొట్ల దగ్గర కూర్చున్న పాత హమాలీలని అడిగితే చెబుతారు.

కాబట్టి నీ ప్రశ్నకి సగం జవాబు పద్ధతిలో లేదు, లోడులో ఉంది. పది బస్తాలు వేసి, ర్యాంపు దగ్గర ఇద్దరు పట్టుకుంటే ఒక్కొక్కరికి 18, 19 కిలోలు పడుతుంది. రెండు ట్రిప్పులవుతుంది, అవనీ. ‘టైం లేదు’ అంటారు. నువ్వు రెండు రోజులు వంగలేకపోయినప్పుడు నీ పని ఎవరో చేశారు కదా, ఆ టైం ఎక్కడినుంచి వచ్చిందో అడుగు. గొడవగా కాదు, మామూలుగానే.

బెల్టు సంగతి. కొనొద్దు. ఇది నా మాట కాదు, అమెరికాలో అచ్చంగా ఇలాంటి రిటైల్ స్టోర్లలోనే చూసి, 2000 సంవత్సరంలో ఫలితాలు అచ్చువేశారు. కొత్తగా తెరిచిన 160 స్టోర్లు, తొమ్మిది వేల మందికి పైగా స్టాకు పనివాళ్లు. బెల్టు రోజూ పెట్టుకున్నవాళ్లకీ అసలు పెట్టుకోనివాళ్లకీ నడుం దెబ్బల్లో తేడా కనపడలేదు. బెల్టు వల్ల జరిగేది ఏంటంటే, బెల్టు ఉంది కదా అని ఇంకో రెండు బస్తాలు వేస్తారు. నొప్పి తగ్గేదాకా నాలుగు రోజులు డాక్టర్ పెట్టుకోమంటే అది వేరే విషయం.

ఇక పద్ధతి. చదును నేల మీద, చోటు ఉన్నంతవరకు లాగడం కంటే తోయడం నయం. లాగేటప్పుడు ఒక చెయ్యి వెనక్కి పోయి నడుం మెలి తిరుగుతుంది, పైగా బండి వచ్చి నీ మడమకే కొడుతుంది. తోసేటప్పుడు ఒంటి బరువు మొత్తం కలిసొస్తుంది, ఎదురుగా ఎవరున్నారో కనపడుతుంది. చేతులు నడుముకీ ఛాతీకీ మధ్యలో ఉండాలి. ఆగి ఉన్న బండిని ఒక్క కుదుపుతో కదిలించాలని చూస్తాం చూడు, ఎక్కువ నడుములు అక్కడే పోతాయి. కదిలించేటప్పుడు పట్టే బలం నడిచేటప్పటి కంటే ఎప్పుడూ ఎక్కువే, మెల్లగా ఒంటిని వంచి బరువు ఆనించి కదిలించాలి. ర్యాంపు మీద మటుకు ఎప్పుడూ బండికి పైవైపునే ఉండు. చేతితో లాగే పాలెట్ ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకు ఉండదు, కింద ఉన్నవాడి మీదకే వస్తుంది.

ఇంకోటి, ఈ ఉత్తరంలో నువ్వు రాయలేదు కానీ నాకు అనుమానం. రేపు షాపు తెరవగానే ఖాళీ పాలెట్ ట్రక్కుని వంచి ఫోర్కుల చివర ఉన్న చిన్న రోలర్లు చూడు, మూడంగుళాలు ఉంటాయేమో. ఇరుసుకి ప్యాకింగ్ పట్టీ ముక్కలు, గోనె నార, పాలిథిన్ చుట్టుకొని ఉంటుంది. రోలర్ ఒకవైపు అరిగి బల్లపరుపుగా అయిందంటే అది తిరగడంలేదు, ఈడుస్తున్నావన్నమాట. బ్లేడుతో కోసి తీసి, గ్రీజు పెట్టి మళ్లీ లాగి చూడు. అరిగిపోయి ఉంటే మార్పించమని అడుగు, రోలర్ ఖరీదు నీ ఒక్క ఎమ్మారై స్కాన్ ముందు ఎంత?

నొప్పి తగ్గుతోందన్నావు కాబట్టి పడుకోకుండా మెల్లగా తిరుగుతూ ఉండు, రోజుల తరబడి మంచం మీద ఉంటే నడుం ఇంకా బిగుసుకుంటుంది. కానీ కాలు బలం తగ్గినా, పాదం ఈడ్చినట్టు అవుతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం రాకపోయినా ఆపుకోలేకపోయినా ఆ రాత్రికే పెద్దాసుపత్రికి వెళ్లిపో. పొద్దున చూద్దాంలే అనుకోవద్దు.

సార్, ఒంగోలులో ఒక మార్ట్‌లో చేరి రెండు నెలలైంది. నూనె డబ్బాల ట్రాలీ మా తోటి అమ్మాయి తోసుకుంటూ వస్తే ముందు అంచు నా మడమకి తగిలి తెగింది, ఆరు కుట్లు పడ్డాయి. మేనేజర్ గారు మంచిగానే ఆటోలో క్లినిక్‌కి తీసుకెళ్లారు, వెయ్యి రూపాయలు ఇచ్చారు. కానీ ‘రిజిస్టర్‌లో వద్దులేమ్మా, ఎవరన్నా అడిగితే ఇంట్లో జారిపడ్డానని చెప్పు’ అన్నారు. డాక్టర్ పన్నెండు రోజులు నడవొద్దన్నారు, అవి జీతం లేని సెలవులట. జీతం 13 వేలు, ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కింద 98 రూపాయలు పోతోంది. రెండు నెలలకే ఏమీ రాదు అంటున్నారు, నిజమేనా?
(ఒంగోలు)

నిజం కాదమ్మా. మీకు చెప్పినవాళ్లు రెండు విషయాలు కలిపేశారు. మామూలు జబ్బు చేస్తే ఈఎస్ఐ ఇచ్చే డబ్బుకి కొన్నాళ్లు చందా కట్టి ఉండాలి, అదీ 70 శాతమే. పనిలో దెబ్బ తగిలితే అలాంటి షరతు లేదు. చేరిన మొదటి రోజు తగిలినా వర్తిస్తుంది. దెబ్బ తగిలిన రోజు కాకుండా కనీసం మూడు రోజులు పనికి వెళ్లలేకపోతే, రోజు సగటు జీతంలో 90 శాతం వస్తుంది, డాక్టర్ ఫిట్ అని రాసేదాకా వస్తుంది. మీ జీతానికి రోజుకి దాదాపు 390 రూపాయలు, పన్నెండు రోజులకి 4,680. వెయ్యి రూపాయలకీ దానికీ తేడా మీరే చూసుకోండి.

ఇప్పుడర్థమైంది కదా ‘ఇంట్లో జారిపడ్డాను’ అన్న ఒక్క మాట ఖరీదెంతో. ఆ మాట కాగితం మీద పడిందంటే మీది మామూలు జబ్బు ఖాతాలోకి పోతుంది, మీరు కొత్తగా చేరారు కాబట్టి అందులో చేతికొచ్చేది సున్నా కావచ్చు. ఈ పన్నెండు రోజులతో పోతే ఫరవాలేదు. మడమ వెనక మందపాటి నరంలా తగిలేది ఉంటుంది, పిక్కని మడమకి కట్టిపెట్టే స్నాయువు, దానికేమన్నా తగిలి ఆరు నెలల తర్వాత కూడా మునివేళ్ల మీద లేవలేకపోతే, అప్పుడు శాశ్వత వైకల్యం కింద మెడికల్ బోర్డు ముందుకి వెళ్లాలి. బోర్డు మొదట అడిగేది ప్రమాదం రిపోర్టు. అది లేకపోతే మీరూ మీ కుంటే కాలూ మాత్రమే ఉంటారు అక్కడ.

మేనేజర్ గారు చెడ్డవాడని నేననను, ఆటో కట్టించాడు, క్లినిక్‌లో కూర్చున్నాడు. పైవాళ్లు ఏమంటారోనని ఆయన టెన్షన్ ఆయనది. కానీ ఈఎస్ఐ ఉన్న షాపు, దెబ్బకి డబ్బులు ఇచ్చేది ఈఎస్ఐ కార్పొరేషన్, షాపు కాదు. షాపు దానికోసమే ప్రతినెలా మీ జీతం మీద 3.25 శాతం, మీ 0.75 శాతం కాకుండా, కడుతోంది. రిపోర్టు పంపితే ఆయన జేబులోంచి పోయేదేమీ లేదని ఆయనకే చెప్పండి, చాలామంది మేనేజర్లకి ఇది తెలియదు, తెలిశాక ఒప్పుకుంటారు.

చేయాల్సింది ఇదీ. ప్రమాదాల పుస్తకంలో రాయమనండి, తేదీ, టైం, చోటు, చూసినవాళ్ల పేర్లతో. రాయకపోతే మీరే ఒక తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి, అదీ తీసుకోకపోతే వాట్సాప్‌లో మేనేజర్‌కి పంపండి. నోటితో చెప్పినా చట్టం ప్రకారం చెప్పినట్టే గానీ, రేపు ‘నాకెప్పుడు చెప్పావు’ అంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. మీరు నడవలేకపోతే ఇంట్లోవాళ్లు ఇచ్చినా చెల్లుతుంది. ఆ మీదట ఈఎస్ఐ నంబరు తీసుకుని డిస్పెన్సరీకి వెళ్లి, పనిలో తగిలిన దెబ్బ అని స్పష్టంగా చెప్పి సర్టిఫికెట్ రాయించుకోండి. క్లినిక్ చీటీ, టీటీ ఇంజెక్షన్ బిల్లు, అన్నీ పారేయకుండా ఒక కవర్లో పెట్టండి. టీటీ వేయించుకోకపోతే ఆ పని ముందు చేయండి.

మీ తోటి అమ్మాయి మీద కోపం పెట్టుకోకండి. నూనె డబ్బాలు కళ్లకంటే ఎత్తుగా పేర్చిన ట్రాలీ తోస్తే ఎదురుగా మనిషి ఉన్నా కనపడదు. లోడు తోసేవాళ్ల భుజం దాటకూడదని మేనేజర్‌కి చెప్పండి, ఈ దెబ్బతో పాటు అది కూడా రాసిస్తే ఇంకా మంచిది.

అయ్యా, మాది నెల్లూరు. మా పిల్లకాయ ఒక పెద్ద షాపులో పార్కింగ్‌లో ఖాళీ ట్రాలీలు తీసుకొచ్చే పని చేస్తున్నాడు. మొన్న వానలో ఒకదాన్లో ఒకటి దూర్చి పాతిక ట్రాలీలు తోసుకొస్తుంటే వాలులో జారి ఒక కారుకి గుద్దుకున్నాయి, కారుకి సొట్ట పడింది. వీడి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవడంలేదు. కారు బాగుచేయించిన డబ్బులు నెలకి మూడు వేలు చొప్పున వీడి జీతంలో పట్టుకుంటామంటున్నారు. వచ్చేదే 11 వేలు.
(నెల్లూరు)

అమ్మా, భుజం సంగతి ముందు. చెయ్యి లేవడంలేదంటే ఆలస్యం చేయకండి. ఎముకల డాక్టర్‌కి చూపించండి, భుజంలో కండర తాళ్లు తెగినా ఇలాగే ఉంటుంది, వారాలు గడిస్తే భుజం బిగిసిపోయి పాత స్థితికి రావడం కష్టమవుతుంది. పైన ఒంగోలు అమ్మాయికి చెప్పిందంతా మీ అబ్బాయికీ వర్తిస్తుంది, ఈఎస్ఐ ఉందో లేదో జీతం చీటీలో చూడండి.

కారు డబ్బులు. జీతంలో నష్టం కింద కోత పెట్టాలంటే చట్టం చాలా గట్టి గీత గీసింది. అతని చేతికి అప్పగించిన సరుకో, లెక్క చెప్పాల్సిన డబ్బో పోయి ఉండాలి. పోయింది నేరుగా అతని నిర్లక్ష్యం వల్లేనని తేలాలి. కోత పెట్టేముందు అతను చెప్పేది వినాలి. పార్కింగ్‌లో ఉన్న ఎవరిదో కారు మీ అబ్బాయికి అప్పగించిన సరుకు ఎట్లా అవుతుంది? పాత వేతన చెల్లింపు చట్టంలోనూ ఇదే, 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో వచ్చిన వేతన కోడ్‌లోనూ ఇదే. కోత పెట్టబోతున్నామని కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వరు చూడండి. రాసిస్తే ఆ కాగితంతోనే సహాయ కార్మిక అధికారి ఆఫీసుకి వెళ్లండి, లాయర్ అక్కర్లేదు.

ఇక నిర్లక్ష్యం ఎవరిదో చూద్దాం. పెద్ద షాపుల ఖాళీ ట్రాలీ ఒక్కొక్కటి ఇరవై కిలోల దాకా ఉండొచ్చు, అలాంటివి పాతిక కలిస్తే అర టన్ను. తడి నేల, వాలు, ముందు చివర ఇరవై అడుగుల అవతల, వెనకనుంచి తోసే కుర్రాడికి ముందున్నది ఎటు తిరుగుతోందో కనపడదు, ఆపడానికి బ్రేకు లేదు. నెల్లూరులో నవంబర్, డిసెంబర్ వానలు కొత్త విషయం కాదు, షాపు కట్టినవాళ్లకి పార్కింగ్ వాలు సంగతి తెలుసు. పదికి మించి ఒకేసారి తోయొద్దని, వానలో ఇంకా తగ్గించాలని, ముందొకడు వెనకొకడు ఉండాలని, చివరి ట్రాలీకి తాడు కట్టాలని ఎవరన్నా చెప్పారా? చెప్పి ఉంటే ఎక్కడ రాసి ఉంది? ఈ నాలుగు ప్రశ్నలు మీ అబ్బాయి ఇచ్చే జవాబులో ఉండాలి. సంక్రాంతి రష్‌లో ‘ట్రాలీలు లేవు, తొందరగా తీసుకురా’ అని మైకులో పిలిచేది కూడా వాళ్లే.

సార్ నమస్తే, కందుకూరులో నాది కిరాణా హోల్‌సేల్, ఆరుగురు పనివాళ్లు. వెల్డింగ్ షాపులో చేయించిన ఇనప ట్రాలీలు రెండు ఉన్నాయి, మావాళ్లు అవి లాగలేక తిడుతుంటారు. కొత్తవి కొనాలా? ఆరుగురికి ఈఎస్ఐ లేదు కదా, దెబ్బ తగిలితే నా బాధ్యత ఎంతవరకు?
(కందుకూరు)

మీలాగా అడిగే యజమానులు తక్కువ, అందుకు ముందుగా నమస్కారం.

కొత్తవి కొనే ముందు ఒక పని చేయండి. మీ దగ్గర వేలాడదీసే కాటా ఉంటుంది కదా, బస్తాలకి తగిలించేది. రోజూ వేసే లోడు వేసి, ఆ కాటా కొక్కాన్ని ట్రాలీ హ్యాండిల్‌కి తగిలించి, కాటా పట్టుకుని నేలకి సమంగా మెల్లగా లాగండి. కదిలిన క్షణంలో ఎన్ని కిలోలు చూపిస్తుందో చూడండి. అదే మీ మనిషి ప్రతిసారీ పెడుతున్న బలం. ఇరవై దాటితే లోడన్నా తగ్గాలి, చక్రమన్నా మారాలి, నేలన్నా బాగుపడాలి. గోడౌన్ గడప దగ్గర ఒకసారి, ఎగుడుదిగుడు బండల దగ్గర ఒకసారి, గ్రానైట్ పరిచిన చోట ఒకసారి చూడండి. గ్రానైట్ దొరికే చీమకుర్తి దగ్గర్లోనే ఉంది కాబట్టి మనవైపు కొట్లలో నున్నటి నేలకి లోటు లేదు, కానీ గడపలు మాత్రం అలాగే ఉంచేస్తాం. ఆ గడపకి రెండు వైపులా సిమెంటు వాలు పోయిస్తే ఒక మేస్త్రీ పూట పని.

చక్రాలు. వెల్డింగ్ షాపువాళ్లు మామూలుగా చవకగా దొరికే చిన్న చక్రాలు, బేరింగు లేనివి వేస్తారు. వాటి స్థానంలో ఐదారంగుళాలవి, బాల్ బేరింగు ఉన్నవి వేయించండి, చక్రం పెద్దదైతే గుంతల్లో, బండల సందుల్లో ఇరుక్కోదు. తిరిగే చక్రాలు రెండు హ్యాండిల్ వైపు, తిరగనివి రెండు ముందువైపు ఉండాలి, నాలుగూ తిరిగేవైతే లోడుతో బండి పక్కకి పోతుంది, దాన్ని సరిచేస్తూ సరిచేస్తూనే నడుం మెలిపడుతుంది. హ్యాండిల్ అడ్డకమ్మీ ఒక్కటే కాకుండా రెండు నిలువు కమ్మీలు పెట్టిస్తే పొట్టివాళ్లూ పొడుగువాళ్లూ ఎవరి ఎత్తులో వాళ్లు పట్టుకుంటారు, అయితే కమ్మీలు ట్రాలీ అంచు కంటే లోపలికి ఉండాలి, లేకపోతే తలుపు సందులో వేళ్లు నలుగుతాయి. ఆ దెబ్బలు మీ దగ్గర ఇప్పటికే ఒకటి రెండు అయ్యుంటాయి.

బాధ్యత. పదిమంది ఉంటే ఈఎస్ఐ తప్పనిసరి (21 వేల లోపు జీతం ఉన్నవాళ్లకి), మీకు ఆరుగురే కాబట్టి లేదు, సరే. కానీ ఈఎస్ఐ లేనంత మాత్రాన మీకు బాధ్యత లేదని కాదు, ఇంకా ఎక్కువ. 1923 నుంచి ఉన్న పరిహారం చట్టం, ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది, పనిలో దెబ్బ తగిలితే యజమానే సొంతంగా ఇవ్వాలంటుంది. కోలుకునేదాకా దాదాపు సగం జీతం, శాశ్వతంగా ఏదన్నా పోతే వయసునీ జీతాన్నీ బట్టి లెక్కగట్టి లక్షల్లో. పనివాడు రెండేళ్లలోపు ఎప్పుడైనా క్లెయిమ్ వేయొచ్చు. ఆరుగురికి కలిపి ఇన్సూరెన్స్ కంపెనీలు ఈ పరిహారం కోసమే పాలసీ ఇస్తాయి, తీసుకోండి. మీరు సరుకు లారీకి ఇన్సూరెన్స్ కడుతూనే ఉంటారు కదా.

ఇప్పుడు చిన్నవి కొన్ని గబగబా.

ట్రాలీ చక్రం పాదం మీదెక్కింది, వాచింది. మా అత్త పుత్తూరు కట్టు కట్టిద్దాం అంటోంది. (గూడూరు)
ముందు ఎక్స్‌రే. పాదంలో ఇరవై ఆరు ఎముకలు, ఏది విరిగిందో తడిమితే తెలియదు. ఎక్స్‌రే చూసి డాక్టర్ విరగలేదంటే ఆ తర్వాత అత్తగారి మాట విన్నా నష్టం లేదు. షుగర్ ఉంటే మాత్రం బిగుతు కట్టు వద్దే వద్దు, తిమ్మిరి పాదంలో పుండు పడినా తెలియదు.

వాచినచోట వేడి కాపడం పెట్టి తైలం రుద్దొచ్చా? (అద్దంకి)
మొదటి రెండు రోజులు వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు, కాలు ఎత్తులో. రుద్దితే వాపు ఇంకా పెరుగుతుంది.

చెప్పులతో ట్రాలీ లాగుతున్నాం, షూ కొనిమ్మంటే ‘యూనిఫాంలో చెప్పులే’ అంటున్నారు. (నెల్లూరు)
వేళ్ల మీద ఇనపకప్పు ఉన్న షూ ఇవ్వాల్సింది వాళ్లే. ఈ లోపల కనీసం వేళ్లు మూసే బూట్లు వేసుకుని వెళ్లండి, ఎవరన్నా అడిగితే గోరు లేచిపోయినవాడి ఫోటో చూపించండి, ప్రతి షాపులో ఒకడుంటాడు.

ఏడో నెల. ట్రాలీలు తోయిస్తున్నారు, రోజంతా నిలబెడుతున్నారు. (కోవూరు)
కాన్పు తేదీకి ముందు ఆరువారాలు, దానికి ముందు ఇంకో నెల. ఆ నెలలో బరువు పనీ ఎక్కువసేపు నిలబడే పనీ వద్దని మీరు అడిగితే చేయించకూడదని చట్టం. మీరు అడగాలి, రాసి అడగండి. దానికి ముందైతే డాక్టర్ చీటీ చూపించి అడగండి. కౌంటర్ వెనక స్టూలు వేయించుకోండి.

సార్, మేం ఎనిమిదిమంది ఏజెన్సీ తరఫున ఒక మార్ట్‌లో లోడింగ్ చేస్తున్నాం. మావాడికి డోర్ సందులో వేలు నలిగి చివర తీసేశారు. షాపువాళ్లు ఏజెన్సీని అడగమంటారు, ఏజెన్సీవాడు ఫోన్ ఎత్తడు.
(సింగరాయకొండ)

వాళ్లిద్దరి మధ్య ఒప్పందం ఏదన్నా కానీండి, పని జరిగింది షాపులో, షాపు పని. ఏజెన్సీ ద్వారా పెట్టుకున్నవాళ్లకైనా ఈఎస్ఐ చందా కట్టే బాధ్యత అసలు యజమానిదే, అంటే షాపుదే, కట్టి తర్వాత ఏజెన్సీ బిల్లులో పట్టుకోవచ్చు, అది వాళ్ల గొడవ. షాపులో పదిమంది ఉన్నారా అని లెక్కపెట్టేటప్పుడు మీ ఎనిమిదిమందినీ కలిపే లెక్కపెట్టాలి. ఈఎస్ఐ నంబరు అసలు తీయలేదని తేలినా మీవాడికి దారి మూసుకుపోలేదు, ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ఫిర్యాదు ఇస్తే వాళ్లు విచారించి షాపునుంచే వసూలు చేస్తారు.

దానికి మీరు చూపించాల్సింది మీవాడు ఆ రోజు ఆ షాపులో పనిచేశాడనే. హాజరు పుస్తకం ఫోటో, గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టర్‌లో పేరు, సూపర్‌వైజర్ ‘పొద్దున ఆరింటికి లోడు ఉంది, రండి’ అని గ్రూపులో పెట్టిన మెసేజీ, ఏజెన్సీవాడు డబ్బులేసిన ఫోన్ పే వివరాలు. సీసీ కెమెరా రికార్డింగు చాలాచోట్ల కొన్ని వారాలకే చెరిగిపోతుంది, అందుకని అది తీసి ఉంచమని షాపుకి ఈరోజే ఒక ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మిగతా ఏడుగురూ చూసింది రాసి సంతకాలు పెట్టి ఇవ్వండి, ఇప్పుడే, ఎవరో ఒకరు ఇంకో షాపుకి మారిపోకముందే.